సాల్మన్ నది: ఒక పుస్తకాన్ని యాభై ఏళ్ళ తర్వాత చదవడం

యాత్రా రచనల గురించి మన సాహిత్య సమావేశాల్లో మాటలు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఒక ప్రశ్న వేస్తూంటారు: అసలు యాత్రా రచనకి ఆయుష్షెంత? కథకీ, కవిత్వానికీ కాలదోషం పట్టకపోవచ్చు. కానీ దారులు మారతాయి, ఊళ్ళు మారతాయి, రచయిత బస చేసిన చోటు నేలమట్టమవుతుంది. వివరాలన్నీ పాతబడ్డాక ఆ పుస్తకాన్ని ఎవరు చదువుతారు, ఎందుకు చదువుతారు? మామూలుగా మనం ఇచ్చే జవాబు "శైలి కోసం" అని. ఆ జవాబు నాకెప్పుడూ తృప్తినివ్వలేదు. శైలి ఒక్కటే మిగిలిందంటే, చెప్పిన సంగతి చచ్చిపోయిందని ఒప్పుకున్నట్టే కదా.

ఈ ప్రశ్నని పరీక్షించి చూడటానికి నాకు తెలిసినంతలో జాన్ మెక్‌ఫీ రాసిన "కమింగ్ ఇన్‌టు ద కంట్రీ"ని మించిన పుస్తకం లేదు. 1977లో వచ్చింది. అలాస్కా మీద వచ్చిన పుస్తకాల్లో దీనికున్న పేరు మరోదానికి లేదంటే అతిశయోక్తి కాదు. ఇందులో మూడు భాగాలున్నాయి. మొదటి భాగం పేరు "ది ఎన్‌సర్కిల్డ్ రివర్", అంటే వలయంలో ఉన్న నది. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, బ్రూక్స్ పర్వతాల పడమటి కొసన పుట్టి, కోబుక్ అనే పెద్ద నదిలో కలిసే సాల్మన్ నది మీద 1975 వేసవి చివర్లో చేసిన పడవ ప్రయాణం అది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మొదటి భాగం గురించి. దాని పక్కన అదే ప్రాంతం నుంచి వచ్చిన మరో రెండు మూడు పుస్తకాలు పెట్టి చూద్దాం. ఆ తర్వాత ఆ నదికి ఏమైందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పుస్తకం చదివే తీరునే అది మార్చేసింది.

ప్రయాణం ఎందుకు జరిగింది

ఇది విహారయాత్ర అనుకుంటే పొరపాటు. పడవల్లో ఉన్నవాళ్ళు చాలావరకు ఉద్యోగం మీద వచ్చినవాళ్ళు. ఫెడరల్ ప్రభుత్వం తరఫున నదుల్ని, పార్కుల్ని పరిశీలించే అధికారులు, వన్యమృగాల గురించి చదువుకున్న జీవశాస్త్రవేత్త, సియెరా క్లబ్ ప్రతినిధి, వాళ్ళతో పాటు నోటుబుక్కు పట్టుకున్న మెక్‌ఫీ.

దీని వెనక ఒక పెద్ద భూమి తగాదా ఉంది. 1968లో అలాస్కా ఉత్తర తీరాన ప్రుడో బేలో చమురు దొరికింది. దాన్ని దక్షిణానికి తేవాలంటే పైపులైను వెయ్యాలి. పైపులైను వెయ్యాలంటే ఆ నేల ఎవరిదో తేలాలి. అది తేల్చడానికి 1971లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం అక్కడి ఆదివాసులకు 4 కోట్ల 40 లక్షల ఎకరాల భూమి, 96 కోట్ల 25 లక్షల డాలర్లు ఇచ్చి, మిగతా నేల మీద వాళ్ళ హక్కుని రద్దు చేశారు. అదే చట్టంలో ఇంకో చిన్న నిబంధన ఉంది. జాతీయ పార్కులుగా, అభయారణ్యాలుగా, సంరక్షిత నదులుగా ఉంచదగిన చోట్లను ఎంచడానికి 8 కోట్ల ఎకరాల దాకా పక్కన పెట్టవచ్చు. సాల్మన్ నది ఆ ఎంపికలో ఉంది. అంటే ఆ పడవల్లో వెళుతున్నవాళ్ళు నదికి ఒక రకంగా పెళ్ళిచూపులకి వెళ్ళారు. చూసి, బాగుందో లేదో కాయితం మీద రాసి ఇవ్వాలి.

ఈ నేపథ్యాన్ని మెక్‌ఫీ ఒక్కసారిగా కుమ్మరించడు. నీళ్ళ గురించి చెబుతూ చెబుతూ, చేపలు పట్టడం గురించి చెబుతూ, మధ్యలో ఒక పేరా చట్టం, ఒక పేరా చరిత్ర కలుపుకుంటూ పోతాడు. పడవ నెమ్మదిగా పోయే చోట సమాచారం, నీటి వడి పెరిగిన చోట సంఘటన. చదివేవాడికి ఎక్కడా పాఠం వింటున్నట్టు ఉండదు. మన వ్యాసకర్తలు నేర్చుకోదగ్గ పని ఇది. మన యాత్రా వ్యాసాల్లో చాలావాటిలో మొదటి రెండు పేజీలూ గైడు పుస్తకంలోంచి ఎత్తి రాసిన జనాభా, వైశాల్యం లెక్కలే కదా!

పడవ సంగతి

వాళ్ళ దగ్గర ఒక కానూ, దాంతో పాటు మడత పెట్టే కయాకులు ఉన్నాయి. ఈ రెండో రకం పడవ గురించి కొంచెం చెప్పాలి. కయాక్ అన్న మాట ఆర్కిటిక్ ప్రజలది, పడవా వాళ్ళదే. కొట్టుకొచ్చిన కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి, దాని మీద సీల్ చర్మాన్ని బిగించి కుట్టేవారు. కుట్టుపని ఆడవాళ్ళది. తొడుక్కునే చొక్కాలాగా, నడిపేవాడి ఒంటి కొలతలకి సరిపోయేలా చేసేవారు. సముద్రంలో సీల్ వేటకే గాక, లోపలి ప్రాంతాల్లో నది దాటుతున్న కారిబూలను నీళ్ళలోనే ఈటెతో పొడవడానికీ వాడేవారు. (కారిబూ అంటే ఉత్తర దేశపు రెయిన్‌డీరే.) 1907 నుంచి జర్మనీలోని రోజెన్‌హైమ్‌లో క్లెపర్ అనే దర్జీ ఆ పద్ధతినే అనుసరించి, చెక్క చట్రం మీద గుడ్డ తొడిగే మడత పడవల్ని అమ్మడం మొదలుపెట్టాడు. సంచుల్లో పట్టేస్తుంది, రైల్లో పట్టుకెళ్ళొచ్చు. సాల్మన్ నది మీదకి విమానంలో వచ్చింది ఆ క్లెపర్ పడవే.

వేటగాడి పనిముట్టు యూరప్ వెళ్ళి, ఆటవస్తువుగా మారి, సంచిలో పుట్టింటికి తిరిగి వచ్చిందన్నమాట. మెక్‌ఫీ దీన్ని పెద్ద విషయంగా చెయ్యడు. కానీ ఈ పుస్తకాన్ని ఇవాళ చదివేవాళ్ళు దీన్ని దాటి పోకూడదు. ఆ నది మీద "ఎవరూ లేని చోటు"ని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు కూర్చున్న పడవే, అక్కడ ఎప్పటినుంచో మనుషులున్నారనడానికి సాక్ష్యం.

వలయం

రచన మొదలవడమే ప్రయాణం మధ్యలో మొదలవుతుంది. ఆర్కిటిక్ అనగానే మంచు ఊహించుకునే పాఠకుడికి మొదటి వాక్యాల్లోనే ఎండ తగులుతుంది. రచయిత తల మీద తడిగుడ్డ కట్టుకుని ఉంటాడు. కథనం వర్తమాన కాలంలో సాగుతుంది. పడవలు దిగువకి పోయి, కోబుక్‌లో కలిసి, కయానా అనే ఊరు చేరుతాయి. ప్రయాణం అయిపోయింది. కానీ రచన అవలేదు. అక్కడినుంచి భూతకాలంలోకి వెళ్ళి, విమానం దిగిన మొదటి రోజుల నుంచి చెప్పుకొస్తూ, మొదటి వాక్యం ఎక్కడ మొదలైందో అక్కడికి తెచ్చి ఆపుతాడు. నది మలుపు తిరిగి మన దగ్గరికే వచ్చినట్టు ఉంటుంది.

ఇది గారడీ కోసం చేసిన పని కాదని మెక్‌ఫీ తర్వాత, 2013లో, రచనా నిర్మాణం మీద రాసిన ఒక వ్యాసంలో చెప్పుకున్నాడు. ఆ ప్రయాణంలో అందరికీ ఒళ్ళు జలదరించిన సంఘటన, కొండవాలు మీద పెద్ద గ్రిజ్లీ ఎలుగుబంటి ఎదురుపడటం, ప్రయాణం మొదట్లోనే జరిగిపోయింది. జరిగిన వరుసలో చెబితే కథ పట్టు మొదట్లోనే అయిపోతుంది. వరుస మార్చి అబద్ధం చెప్పడం అతనికి ఇష్టం లేదు. అందుకని కాలాన్ని వలయంగా వంచాడు. జరిగింది జరిగినట్టే ఉంది, ఎలుగుబంటి మాత్రం రచనలో సరైన చోటికి వచ్చింది. పైగా ఆ వలయం వస్తువుకి కూడా సరిపోయింది. సముద్రానికి పోయి పుట్టిన ఏటికే తిరిగి వచ్చి గుడ్లు పెట్టి చచ్చిపోయే సాల్మన్ చేపలు, ఏటేటా అదే దారిన పోయి వచ్చే కారిబూ మందలు, ఆరు నెలలకోసారి తిరగబడే వెలుగూ చీకటీ. ఆ నేలమీద బతుకంతా వలయమే. శిల్పం గురించి మనవాళ్ళు చేసే చర్చల్లో "వస్తువూ రూపమూ ఒకటి కావాలి" అంటూంటాం. దానికి ఉదాహరణ అడిగితే నేను ఈ భాగాన్ని చూపిస్తాను.

చివర్లో ఇంకో ఎలుగు కనపడుతుంది. పడుచు వయసుది. ఒక చేపని పంజాతో పట్టుకుని గిరగిరా తిప్పుతూ ఆడుకుంటూంటుంది. ఆకలి లేదు, ఆటే. ఎలుగు మనుషుల్ని చూస్తుంది, మనుషులు ఎలుగుని చూస్తారు. నీతి చెప్పకుండా అక్కడ ఆపగలగడానికి ధైర్యం కావాలి.

మెక్‌ఫీ పక్షపాతి కాదని చెప్పడానికి పుస్తకం మూడో భాగం చదవాలి. యూకాన్ ఎగువన ఈగల్ అనే ఊరి చుట్టుపక్కల కథ అది. అక్కడ ఒక తండ్రీ కొడుకూ బుల్డోజరుతో ఒక చక్కని వాగుని కుళ్ళబొడిచి బంగారం తీస్తూంటారు. మొదటి భాగం రాసిన మనిషి వాళ్ళని తిట్టిపోస్తాడని ఎదురుచూస్తాం. తిట్టడు. వాళ్ళ పనితనాన్నీ, మొండితనాన్నీ చూసి ముచ్చటపడతాడు, తనకి అసహ్యం కలగలేదని దాపరికం లేకుండా చెబుతాడు. ఇది కొందరు పర్యావరణవాదులకి రుచించకపోవచ్చు. నాకు మాత్రం ఇక్కడే రచయిత మీద నమ్మకం కుదిరింది. తనకి ఏం అనిపించాలో ముందే నిర్ణయించుకుని బయల్దేరిన యాత్రికుడు కాదితను.

నిర్జనమా, నివాసమా?

పుస్తకంలో లోటు లేదా అంటే ఉంది. ఇంగ్లీషులో "విల్డర్‌నెస్" అన్న మాట ఉంది. 1964లో అమెరికా చేసిన చట్టం ప్రకారం అది మనిషి అతిథిగా వచ్చి పోయే చోటు, ఉండిపోయే చోటు కాదు. ఈ మాటకి తెలుగులో సరైన సమానార్థకం నాకు దొరకలేదు. అడవి, అరణ్యం, కాన, కీకారణ్యం ఏదన్నా సరే, మన భాషలో వాటిలో మనుషులుంటారు. భారతంలో అరణ్యపర్వం అంతా జనమే: మునులు, వేటగాళ్ళు, వనవాసం చేసే రాజులు, వాళ్ళని వెతుక్కుంటూ వచ్చే చుట్టాలు. మనిషి ఉండకూడని చోటుగా అడవిని ఊహించడం మనకి కొత్త.

కోబుక్ లోయకి కూడా అది కొత్తే. ఇన్యూపియాక్ భాషలో కోబుక్ అంటే పెద్ద నది. ఆ నది ఒడ్డున ఆనియన్ పోర్టేజ్ అనే రేవు ఉంది. కారిబూలు అక్కడ నది దాటతాయి. లూయీ గిడ్డింగ్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ జరిపిన తవ్వకాల్లో వేల ఏళ్ళుగా మనుషులు విడతలు విడతలుగా వచ్చి కారిబూల కోసం కాపు కాసిన ఆనవాళ్ళు పొరలు పొరలుగా బయటపడ్డాయి. మెక్‌ఫీకి ఇది తెలియక కాదు. కోబుక్ ఊళ్ళవాళ్ళ గురించి, పార్కు వస్తే వేట మాట ఏమిటన్న వాళ్ళ భయం గురించి రాశాడు. అయినా వాళ్ళు ఆ కథనం అంచుల్లోనే ఉండిపోయారు. నది మధ్యలో ఉన్నది పడవల్లో వచ్చిన బయటివాళ్ళే.

అంచుల్లో ఉన్నవాళ్ళు నోరు విప్పితే ఎలా ఉంటుందో తెలియాలంటే విలియం హెన్స్లీ ఆత్మకథ "ఫిఫ్టీ మైల్స్ ఫ్రమ్ టుమారో" చదవాలి. 2009లో వచ్చింది. హెన్స్లీ 1941లో కోట్జెబూలో పుట్టాడు. ఇన్యూపియాక్ పేరు ఇగ్గియాగ్రుక్. కోబుక్ నది చివరికి చేరేది ఆ కోట్జెబూ జలసంధిలోకే. చిన్నప్పుడు మట్టి పెళ్ళలతో కట్టిన ఇంట్లో పెరిగి, పదిహేనేళ్ళకి టెనెసీలో బోర్డింగ్ స్కూలుకి వెళ్ళి, 1966లో యూనివర్సిటీలో ఒక వ్యాసం రాశాడు: అలాస్కా ఆదివాసులకు భూమి మీద ఏ హక్కులున్నాయి అని. ఆ ప్రశ్న పట్టుకుని అయిదేళ్ళు తిరిగినవాళ్ళలో ముఖ్యుడు అతను. ఇందాక చెప్పిన 1971 చట్టం ఆ పోరాటం వల్ల వచ్చిందే. మెక్‌ఫీ పుస్తకంలో రెండు పేరాల నేపథ్యంగా ఉన్న విషయం హెన్స్లీకి జీవితం.

ఆ పుస్తకంలో మన కుటుంబాలు ఆగి చదవాల్సిన పేజీలు బడి గురించినవి. సొంత భాష మాట్లాడితే శిక్ష. పిల్లలు ఇంట్లో ఒక భాషతో, బడిలో ఒక భాషతో నలిగి, చివరికి ఇంటి భాషని వదిలేశారు. మన పిల్లలకి తెలుగు రావడం లేదని మనం ఏటా ఈ సంచికల్లోనే ఎన్ని వ్యాసాలు రాసుకుంటున్నాం! కానీ తేడా గమనించండి. మన పిల్లల నోట్లోంచి తెలుగుని ఎవరూ బెత్తం పట్టుకుని లాక్కోలేదు. మన తీరికలేనితనం చాలింది. హెన్స్లీని చదివాక ఆ బాధకి కొలత మారుతుంది. పైగా మనం వచ్చి స్థిరపడిన ఈ దేశంలో మనకంటే ముందు భాష పోగొట్టుకున్నవాళ్ళున్నారన్న సంగతి మన వ్యాసాల్లో కనపడదు.

మూడో రచయిత సేత్ కాంట్‌నర్. 1965లో కోబుక్ ఒడ్డునే, నేలలోకి తవ్వి కట్టిన మట్టి ఇంట్లో పుట్టాడు. తల్లిదండ్రులు తెల్లవాళ్ళు, బయటినుంచి వచ్చి ఆ బతుకుని కోరి ఎంచుకున్నారు. అతని నవల "ఆర్డినరీ వుల్వ్స్" 2004లో వచ్చింది. అందులో కటక్ అనే తెల్ల కుర్రాడు ఇన్యూపియాక్ పిల్లల మధ్య పెరుగుతాడు. వేటాడతాడు, కుక్కల బండి తోలుతాడు, వాళ్ళకంటే పాతకాలపు పద్ధతిలో బతుకుతాడు. అయినా ఊళ్ళోకి వెళితే వాడు తెల్లోడే. ముక్కు చదునుగా లేదని బాధపడతాడు. పెద్దయ్యాక ఆంకరేజ్ వెళితే అక్కడా ఇమడలేడు. నీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే సూటిగా జవాబు చెప్పలేని కుర్రాడు. ఈ వాక్యం చదివి మీ ఇంట్లో ఉన్న పదహారేళ్ళ వాళ్ళు గుర్తొస్తే అది నా తప్పు కాదు. హైస్కూలు చివరి ఏళ్ళలో ఉన్న పిల్లల చేత చదివించండి. భాష అక్కడక్కడ మోటుగా ఉంటుంది, ఉండాల్సిందే.

కాంట్‌నర్ ప్రకృతి వర్ణన మెక్‌ఫీ వర్ణన పక్కన పెడితే అతిథికీ ఇంటివాడికీ తేడా తెలుస్తుంది. మెక్‌ఫీ ఎలుగుని చూస్తాడు. కాంట్‌నర్ మనుషులు ఎలుగుని చూస్తారు, కాల్చి, చర్మం వలిచి, కొవ్వు కరిగిస్తారు. ఇద్దరి చూపులోనూ గౌరవం ఉంది. ఒకరిది దూరం నుంచి, ఇంకొకరిది చేతులకి నెత్తురంటాక.

నది రంగు మారింది

1980 డిసెంబరు 2న అధ్యక్షుడు కార్టర్ అలాస్కా భూముల చట్టం మీద సంతకం పెట్టాడు. సుమారు 17 లక్షల ఎకరాలతో కోబుక్ వ్యాలీ జాతీయ పార్కు ఏర్పడింది. సాల్మన్ నదికి 70 మైళ్ళ పొడవునా సంరక్షిత నదిగా గుర్తింపు వచ్చింది. స్థానికులు తిండి కోసం వేటాడుకునే హక్కునీ ఆ చట్టం ఉంచింది. పెళ్ళిచూపులు ఫలించాయన్నమాట. అక్కడికి కథ సుఖాంతం కావాలి.

మెక్‌ఫీ పుస్తకంలో ఆ నది గురించి ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నది నీటి తేటదనం. రాళ్ళ మీద పారుతున్న అంత స్వచ్ఛమైన నీటిని తాను మరెక్కడా చూడలేదని రాశాడు. అడుగున గులకరాళ్ళు, వాటి మీద చేపల నీడలు, పడవ గాల్లో తేలుతున్నదా అన్న భ్రమ. ఇదంతా కవి అతిశయోక్తి కాదు, చూసినదాన్ని చూసినట్టు కొలిచి చెప్పడం.

2019లో ప్యాడీ సల్లివన్, రోమన్ డయల్ అనే అలాస్కా శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్ళేసరికి ఆ నీరు బురదగా, నారింజ రంగుగా ఉంది. డయల్ జీవశాస్త్రవేత్తే కాక, చిన్న రబ్బరు పడవలు వీపున మోసుకుని అలాస్కా అంతా తిరిగిన యాత్రికుడు కూడా. ఒక్క నదే కాదు. బ్రూక్స్ పర్వతాల్లో ఇలా రంగు మారిన 75 వాగులూ నదుల గురించి 2024లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. సాల్మన్ నది మీదే ప్రత్యేకంగా సల్లివన్ బృందం 2025లో ఇంకో పత్రం ప్రచురించింది.

కారణం గని కాదు, ఫ్యాక్టరీ కాదు. ఆ నేల కింద వేల ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న మట్టి కరుగుతోంది. మంచులో బిగుసుకుని ఉన్నంతకాలం గాలీ నీరూ తగలని రాళ్ళలో గంధకం కలిసిన ఇనుప ఖనిజాలున్నాయి. మంచు కరిగాక వాటికి నీరూ ప్రాణవాయువూ తగిలి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాళ్ళలోంచి ఇనుమునీ, దాంతో పాటు కాడ్మియం, జింకు, అల్యూమినియం లాంటి లోహాల్నీ లాగి నీళ్ళలో కలుపుతుంది. ఇనుము తుప్పు పట్టి నీళ్ళని నారింజ రంగుగా మారుస్తుంది, అడుగున ఉన్న గులకరాళ్ళ మీద పొరగా పేరుకుంటుంది. చేపలు గుడ్లు పెట్టేది ఆ గులకరాళ్ళ సందుల్లోనే. చేపలకీ, అవి తినే పురుగులకీ హాని చేసే మోతాదుకి మించి లోహాలున్నాయని ఆ పత్రం చెప్పింది. చేపల కండలో చేరిన లోహం మనుషులకి హాని చేసే స్థాయిలో లేదని తేలడం ఒక్కటే ఊరట. గని నుంచి వచ్చే నీటినైతే ఆపి, శుద్ధి చెయ్యొచ్చు. కొండలకి కొండలే కారుతూంటే ఎక్కడ ఆపుతారు?

కారిబూల లెక్క కూడా అలాగే ఉంది. పశ్చిమ ఆర్కిటిక్ మందలో 2003లో సుమారు 4 లక్షల 90 వేలు ఉండగా, 2023 నాటికి సుమారు లక్షా 52 వేలకి పడిపోయాయి. కాంట్‌నర్ 2021లో రాసిన "ఎ థౌజండ్ ట్రెయిల్స్ హోమ్" ఆ మందల గురించే. చదువుతూంటే మందల కోసం ఎదురుచూసే ఇంటివాడి గుబులు తెలుస్తుంది.

ఇప్పుడు మెక్‌ఫీ దగ్గరికి మళ్ళీ వెళదాం. వలయం అన్న పేరు ఇప్పుడు వేరేగా వినపడుతుంది. రచయిత నమ్మిన వలయం తిరిగి తిరిగి మొదటికి వచ్చేది. ప్రభుత్వం గీసిన వలయం లోపలికి ఎవరినీ రానివ్వనిది. రెండూ తెగాయి. మ్యాపు మీద గీసిన గీత బుల్డోజరుని ఆపగలదు, వేడిని ఆపలేదు. ఆ వేడి అక్కడ పుట్టింది కాదు. మన పొగగొట్టాల నుంచీ, మన కార్ల నుంచీ, పండక్కి ఇండియా వెళ్ళివచ్చే మన విమానాల నుంచీ పోగైంది. పార్కు కావాలని వాదించినవాళ్ళూ, పైపులైను కావాలని వాదించినవాళ్ళూ యాభై ఏళ్ళ కిందట ఎదురెదురుగా నిలబడ్డారు. పార్కు వచ్చింది, పైపులైనూ వచ్చింది. పైపులైనులో పారిన చమురు ఎక్కడెక్కడో కాలి, ఆ వేడి పార్కులోకి చేరింది. పుస్తకంలో రెండు వేర్వేరు వాదాలుగా ఉన్నవి చివరికి ఒకే కథ అయ్యాయి. 1975లో పడవల్లో కూర్చున్న ఎవరికీ అది కనపడే అవకాశం లేదు.

అయితే పుస్తకం చచ్చిపోయిందా?

మా సాహిత్య మిత్రుల్లో ఒకాయనతో ఈ సంగతి చెబితే, "ఇంకేముందండీ, ఇక అది స్మృతికావ్యం, చదివి నిట్టూర్చడమే" అన్నారు. ఆయనంటే నాకు గౌరవమే గాని ఈ మాట ఒప్పుకోలేను.

నది మారిందని మనకెలా తెలుసు? ఇంతకుముందు ఎలా ఉండేదో ఎవరో రాసి పెట్టబట్టి. ఉపగ్రహ చిత్రాలున్నాయి, కొన్ని పాత పరీక్షల లెక్కలున్నాయి. వాటి పక్కనే ఈ నది గురించి వచ్చిన వార్తల్లో మెక్‌ఫీ పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది. "నది దివ్యంగా ఉంది, గంగలా పవిత్రంగా ఉంది" అని రాసి ఉంటే ఆ వాక్యం ఇవాళ ఎందుకూ పనికొచ్చేది కాదు. లోతు ఎంత, అడుగు కనపడుతోందా, ఏ చేప ఏ మడుగులో ఉంది అని రాశాడు కనక అది సాక్ష్యంగా నిలబడింది. ఆరోజు ఇంత చిన్న వివరం ఎందుకు అనిపించినదే ఇవాళ అన్నిటికంటే విలువైనది. మొదట వేసుకున్న ప్రశ్నకి నా జవాబు ఇది: యాత్రా రచనకి ఆయుష్షు ఇచ్చేది శైలి ఒక్కటే కాదు, ఖచ్చితత్వం. చూసిన చోటు మారిపోయాక అలాంటి రచన విలువ పెరుగుతుంది గాని తరగదు.

ఈ మాట మనకి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 31 సంవత్సరాల్లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళివచ్చి రాసిన కాశీయాత్ర చరిత్ర సరిగ్గా ఇలాంటిదే. ఏ మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దారి ఎలా ఉంది, ఏ నది ఎలా దాటాలి అని పూట పూటకీ రాశాడు. భక్తితో వెళ్ళిన మనిషే, కానీ కలంతో కొలుచుకుంటూ వెళ్ళాడు. అందుకే రెండు వందల ఏళ్ళు కావస్తున్నా చరిత్రకారులు దాన్ని తీసి చూస్తున్నారు. ఆ పరంపర మనది. మధ్యలో ఎక్కడో జారవిడిచాం.

ఇక్కడే మన డయాస్పోరా రచన గురించి ఒక మాట అనక తప్పదు. నేను చదివినంతలో మన కవితల్లో, కథల్లో నదులకి కొదవ లేదు. గోదావరి, కృష్ణ, పెన్న, వంశధార, ఎవరి ఏరు వాళ్ళది. అన్నీ చిన్నప్పటివి. అన్నిటిలోనూ నీళ్ళు తేటగానే ఉంటాయి. నిరుడు సెలవులకి వెళ్ళినప్పుడు ఆ నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో, ఇసుక ఎంత మిగిలిందో రాసినవాళ్ళు తక్కువ. ఇక ఇక్కడి నదుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడి మంచు వస్తుంది, హైవే వస్తుంది, బేస్‌మెంటు వస్తుంది. ఆ హైవే వంతెన కింద రోజూ రెండుసార్లు మనం దాటే నదికి మాత్రం పేరుండదు. డెట్రాయిట్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎన్ని వేలమంది! అక్కడి రూజ్ నదీ, ఆ పక్క రాష్ట్రంలో కయహోగా నదీ 1969లో నూనె తెట్టెకి నిప్పంటుకుని కాలాయని, తర్వాత చాలావరకు కోలుకున్నాయని ఒక్క తెలుగు కథలోనైనా ఉందా? నాకు తగల్లేదు. ఉంటే చూపించండి, సంతోషిస్తాను.

దీనికి కారణం మనకి ప్రకృతి మీద ప్రేమ లేకపోవడం అని నేననుకోను. మనం ఇంకా అతిథులమే అనుకోవడం. అతిథి ఆ ఇంటి గోడ పగుళ్ళ గురించి మాట్లాడడు కదా. కానీ ఇళ్ళు కొనుక్కున్నాం, పిల్లల్ని కన్నాం, ఓట్లు వేస్తున్నాం. మెక్‌ఫీ కూడా ఆ నదికి అతిథే, కొద్ది రోజుల అతిథి. అయినా తన చూపుని అప్పనంగా వాడుకోలేదు. చూసినంత మేర ఖచ్చితంగా రాసి వెళ్ళాడు. అతిథి ఆ ఇంటికి చెయ్యగల మేలు అది.

మెక్‌ఫీ పుస్తకం ఏ పబ్లిక్ లైబ్రరీలోనైనా దొరుకుతుంది. మొదటి భాగం ఒక వారాంతంలో అయిపోతుంది. వెంటనే హెన్స్లీనీ, కాంట్‌నర్‌నీ చదవండి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే తప్ప ఆ నది పూర్తిగా వినపడదు. ఆ తర్వాత వీలైతే ఇంటికి దగ్గరలో ఉన్న ఏరు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళండి. పడవ ఉండక్కర్లేదు. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, అడుగు కనపడుతోందా, ఏ పిట్టలున్నాయి, తేదీ ఏమిటి, ఇంతవరకు తెలుగులో ఒక పేజీ రాయండి. వచ్చే ఏడాది సంచికకి అలాంటి పేజీలు పది వస్తే, ఇంకో యాభై ఏళ్ళకి ఎవరో ఒకరికి వాటితో పని పడుతుంది.